వించ్ ఉన్న బండికి బ్యాటరీ ఎలా ఎంచుకోవాలి: మన ఎండలకి, మన నల్లరేగడికి తగ్గట్టు

దిగబడ్డ బండిని మోటార్‌తో తాడు చుట్టుకుంటూ బయటికి లాగేదే వించ్. అది కొనేటప్పుడు ఎన్ని పౌండ్లది, తాడు స్టీల్‌దా సింథటిక్‌దా, రిమోట్ వైర్‌లెస్సా అని వారాల తరబడి ఆరా తీసేవాళ్ళు కూడా బ్యాటరీ దగ్గరికొచ్చేసరికి "పాతదే ఉంది కదా, సెల్ఫ్ బాగానే తీసుకుంటోంది" అని ఊరుకుంటారు. సెల్ఫ్ తీసుకోవడం వేరు, వించ్ లాగడం వేరు. వర్షాకాలంలో ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం వైపు వాగు ఒడ్డున బండి దిగబడిందనుకోండి, ట్రాక్టర్ రావాలంటే ముందు ఫోన్ కలవాలి, కలిసినా అది వచ్చేసరికి పొద్దు గూకుతుంది. అలాంటి చోట వించ్ సగం లాగి ఆగిపోయి, పైగా ఇంజన్ కూడా స్టార్ట్ కాకపోతే వించ్ లేని బండే నయం అనిపిస్తుంది. అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే: బండిని బయటికి లాగాక కూడా ఇంజన్‌ని మళ్ళీ స్టార్ట్ చేసేంత కరెంటు మిగిలే బ్యాటరీ కావాలి. బ్రాండు, రకం, రేటు అన్నీ దాని తర్వాతే.

ముందు వించ్ ఎంత తింటుందో చూడండి. థార్, గూర్ఖా, వీ-క్రాస్ లాంటి బండ్లకు ఎక్కువగా వేసేది 9,000 నుంచి 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,100 నుంచి 4,300 కిలోల లాగుడు. లోడు లేకుండా డ్రమ్ము ఊరికే తిరిగేటప్పుడే 60, 80 ఆంపియర్లు తీసుకుంటుంది, పూర్తి లోడు పడితే 400 దరిదాపుల్లోకి పోతుంది. పాత రకం హెడ్‌లైట్లు రెండూ కలిపి తినేది 10 ఆంపియర్లే అని గుర్తు పెట్టుకుంటే ఇదెంత భారమో అర్థమవుతుంది. సెల్ఫ్ మోటార్ కూడా వందల ఆంపియర్లు లాగుతుంది కానీ రెండు మూడు సెకన్లే, వించ్ అయితే నిమిషాల తరబడి లాగుతూనే ఉంటుంది. చాలా వించ్‌లు పూర్తి లోడు మీద నిమిషానికి ఒకటిన్నర, రెండు మీటర్లకు మించి చుట్టవు, కాబట్టి ఐదారు మీటర్లు లాగాలంటే మూడు నాలుగు నిమిషాల పని. మీ వించ్ మాన్యువల్‌లో ఎంత బరువుకి ఎన్ని ఆంపియర్లు అని ఒక పట్టిక ఉంటుంది, బ్యాటరీ షాపుకి వెళ్ళే ముందు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు లెక్క. సగటున 300 ఆంపియర్ల చొప్పున ఐదు నిమిషాలు లాగితే 25 ఆంపియర్ అవర్లు (ఏహెచ్) ఖర్చు. "నాది 70 ఏహెచ్ బ్యాటరీ, ఇంకా 45 మిగులుతుంది" అనుకుంటారు చాలామంది, అక్కడే దెబ్బ పడుతుంది. బ్యాటరీ మీద రాసిన ఏహెచ్ అనేది 20 గంటల పాటు నెమ్మదిగా ఖాళీ చేస్తే వచ్చే లెక్క, 70 ఏహెచ్ అంటే మూడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు. అదే బ్యాటరీ నుంచి ఒక్కసారిగా 300 ఆంపియర్లు గుంజితే లోపలి రసాయన చర్య ఆ వేగాన్ని అందుకోలేదు, రాసిన దాంట్లో సగం కూడా రాకపోవచ్చు. అంటే ఆ ఐదు నిమిషాలకే బ్యాటరీ దాదాపు చేతులెత్తేస్తుంది.

"డైనమో ఉంది కదా, ఇంజన్ ఆన్‌లో పెట్టి లాగుతాం" అంటారు. పెట్టాలి, తప్పకుండా పెట్టాలి, కానీ డైనమో మీద 90 ఆంపియర్లనో 120 అనో రాసి ఉంటే అది ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటి లెక్క. ఐడిల్‌లో అందులో సగం వస్తే గొప్ప, దాంట్లోంచి ఫ్యాన్, ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్), లైట్లు తీసుకోగా వించ్‌కి మిగిలేది ఎంత? మిగతాదంతా బ్యాటరీయే మోయాలి. నల్లరేగడిలో అయితే ఈ భారం ఇంకా ఎక్కువ. పరకాల, భూపాలపల్లి వైపు పత్తి చేల పక్కన బాటల్లో బండి ఇరుసుల దాకా దిగిందంటే మట్టి కింద నుంచి పీల్చి పట్టుకుంటుంది, చదును నేల మీద లాగే బరువుకీ దీనికీ పోలికే లేదు. అలాంటి చోట వించ్ మొదటి పది సెకన్లలోనే దాని పూర్తి లోడుకి వెళ్ళిపోతుంది.

సరే, బ్యాటరీ మీద ఏం చదవాలి? మూడు అంకెలున్నాయి. మొదటిది ఏహెచ్, పైన చెప్పుకున్నాం. రెండోది సీసీఏ, అంటే కోల్డ్ క్రాంకింగ్ ఆంప్స్. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, వోల్టేజి 7.2 కంటే తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె ఇది. మన దగ్గర ఆ చలి ఎక్కడుంది అని కొట్టిపారేస్తారు కానీ, చలి సంగతి పక్కన పెట్టినా ఈ అంకె పెద్దదిగా ఉందంటే లోపలి రెసిస్టెన్స్ తక్కువని, పెద్ద కరెంటు గుంజినా వోల్టేజి కూలదని అర్థం. వించ్‌కి సరిగ్గా కావలసింది అదే. వించ్‌ల తయారీలో పేరున్న వార్న్ కంపెనీ కనీసం 650 సీసీఏ ఉన్న బ్యాటరీ పెట్టమంటుంది, నేనూ అంతకంటే కిందికి పోవద్దనే చెబుతాను. మూడోది రిజర్వ్ కెపాసిటీ, 25 ఆంపియర్లు వాడుతూ ఉంటే 10.5 వోల్టులకి పడిపోయేదాకా ఎన్ని నిమిషాలు వస్తుందో అది. మన దగ్గర అమ్మే చాలా బ్యాటరీల మీద ఏహెచ్ పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మిగతా రెండూ చిన్నగా ఉంటాయి లేదా అసలు ఉండవు, అప్పుడు కంపెనీ కేటలాగ్ తెరిచి ఆ మోడల్ నంబరుతో వెతకాలి. అదీ దొరక్కపోతే ఒక మొరటు పద్ధతి ఉంది. ఒకే సైజు బ్యాటరీలు రెండు పక్కపక్కన పెట్టి తూకం వేయించండి, బరువున్న దాంట్లో సాధారణంగా సీసం ఎక్కువ ఉంటుంది.

9,500 పౌండ్ల వించ్ ఉన్న డీజిల్ బండికి నా లెక్కలో కనీసం 80 ఏహెచ్, ట్రేలో పడితే 90 నుంచి 100. పాత జిప్సీ లాంటి పెట్రోల్ బండికి ట్రే చిన్నది, డైనమో కూడా చిన్నదే, దానికి పెద్ద వించ్ వేసి పెద్ద బ్యాటరీ ఇరికించే కంటే చిన్న వించ్ వేసి స్నాచ్ బ్లాక్, అంటే తాడు తిప్పే కప్పీ, వాడటం మేలు. తాడుని కప్పీ మీదుగా తిప్పి మళ్ళీ బండికే కడితే వించ్ మీద భారం దాదాపు సగమవుతుంది, దాంతో ఆంపియర్లూ బాగా తగ్గుతాయి. లాగే వేగం కూడా సగమవుతుంది నిజమే, కానీ బ్యాటరీ గుండెలు అదరవు.

ఇక మన ప్రాంతానికి అసలు శత్రువు వేడి. రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటుతుందని అందరికీ తెలుసు, వరంగల్ కూడా పెద్ద తేడాగా ఏమీ ఉండదు, అలాంటి రోజు బానెట్ కింద వేడి బయటి కంటే ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు సుమారు సగమవుతుందని ఈ రంగంలో ఒక మోటు లెక్క ఉంది. నీళ్ళు ఆవిరవుతాయి, ప్లేట్ల లోపలి జాలీ తుప్పు పట్టినట్టు తినేసుకుపోతుంది. తమాషా ఏంటంటే ఈ దెబ్బ ఎండాకాలంలో బయటపడదు, డిసెంబర్‌లో ఆదిలాబాద్ వైపు పొద్దున్నే బండి తీసినప్పుడు సెల్ఫ్ ఈడ్చుకుంటూ తిరుగుతుంది చూడండి, అప్పుడు తెలుస్తుంది. కాబట్టి బ్యాటరీ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి దగ్గరగా ఉంటే మధ్యలో హీట్ షీల్డ్ పెట్టించండి, కంపెనీ ఇచ్చిన కవరు ఉంటే దాన్ని తీసి పారేయకండి.

రకాల విషయం. మూత తీసి నీళ్ళు పోసే మామూలు బ్యాటరీ చవక, వేడిలో తగ్గిన నీటిని మళ్ళీ నింపుకోవచ్చు, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో ఒక్కో సెల్ విడిగా చూసుకోవచ్చు. బండి బాగా పక్కకి వాలితే యాసిడ్ కారుతుంది, అది దీని లోపం. మెయింటెనెన్స్ ఫ్రీ రకంలో కూడా లోపల ద్రవమే ఉంటుంది, కాకపోతే ప్లేట్లలో కాల్షియం కలపడం వల్ల నీళ్ళు తక్కువ పోతాయి. మన ఎండలకి, మన జేబుకి, మన దారులకి ఎక్కువమందికి సరిపోయేది ఇదే అని నా అభిప్రాయం. ఏజీఎంలో యాసిడ్ గాజు పీచు చాపల్లో ఇంకి ఉంటుంది, ఒలకదు, కుదుపులకు తట్టుకుంటుంది, పెద్ద కరెంటు తేలిగ్గా ఇస్తుంది, ఛార్జింగ్ కూడా త్వరగా పడుతుంది. వించ్ కోసమే చూస్తే ఇంతకంటే మంచిది లేదు, కానీ రేటు చాలా ఎక్కువ, పైగా బానెట్ కింద వేడికి ఎండిపోతే మళ్ళీ నీళ్ళు పోసే వీలు లేదు. ఏజీఎం వేయాలనుకుంటే బ్యాటరీని సీటు కింద గానీ వెనక ట్రేలో గానీ, వేడికి దూరంగా పెట్టే వీలుంటేనే వేయండి. సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగి మళ్ళీ స్టార్ట్ అయ్యే స్టార్ట్-స్టాప్ ఉన్న కొత్త బండికి కంపెనీయే ఈఎఫ్‌బీ (మామూలు ద్రవం బ్యాటరీనే ఇంకా గట్టిగా చేసింది) లేదా ఏజీఎం ఇచ్చి ఉంటే మాత్రం చవకని మామూలు దానికి దిగకండి.

లిథియం గురించి ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. బరువు తక్కువ, ఎన్నిసార్లు ఖాళీ చేసి నింపినా తట్టుకుంటుంది, నిజమే. కానీ లోపల ఉండే బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, చాలా వాటిలో 100, 200 ఆంపియర్లు దాటగానే కరెంటు కట్ చేస్తుంది, అంటే బండి సగం గట్టు ఎక్కి వేలాడుతున్నప్పుడు వించ్ టక్కున ఆగిపోతుంది. బానెట్ కింద వేడి కూడా దానికి పడదు. క్యాంపింగ్‌లో ఫ్రిజ్‌కి, లైట్లకి బాగుంటుంది, వించ్‌కి దాన్నే నమ్ముకోవద్దు.

కొందరు షాపువాళ్ళు ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ చూపించి "ఇంత పెద్దది ఉండగా ఇంకేం కావాలి" అంటారు. వద్దు. అది నెమ్మదిగా గంటల తరబడి ఇవ్వడానికి తయారు చేసింది, వందల ఆంపియర్లు ఒక్కసారి అడిగితే వోల్టేజి కూలిపోతుంది, పైగా ఎత్తు, బరువు, కుదుపుకి తట్టుకోలేదు. దానికంటే ట్రాక్టర్ బ్యాటరీ ఎంతో నయం. దుక్కుల్లో కుదుపులకి ఆగేలా చేస్తారు, పెద్ద డీజిల్ ఇంజన్ తిప్పే సత్తా ఉంటుంది, నర్సంపేటలో పాడైనా మహబూబాబాద్‌లో పాడైనా అదే సైజు దొరుకుతుంది. మీ ట్రేలో పడుతుందా, బానెట్ మూస్తే టెర్మినల్ తగులుతుందా అన్నది టేపుతో కొలుచుకుని వెళ్ళండి. టెర్మినల్ ఏ వైపు ఉందో కూడా చూడాలి, 95డి31ఆర్ లాంటి నంబర్లలో 31 అంటే పొడవు సుమారు 31 సెంటీమీటర్లు, చివరి అక్షరం టెర్మినల్ ఏ వైపు ఉంటుందో చెబుతుంది. ఆ అక్షరం తేడా వస్తే కేబుల్ అందదు, అందించడానికి సాగదీస్తే ఎక్కడో ఒకచోట రాపిడై షార్ట్ అవుతుంది.

షాపులో చేసే పని అన్నిటికంటే ముఖ్యం, ఇక్కడ మొహమాటం వద్దు. ముందు తయారీ తేదీ. స్టిక్కర్ మీద గానీ, డబ్బా అంచున అచ్చుగుద్ది గానీ ఉంటుంది, అర్థం కాకపోతే కోడ్ ఎలా చదవాలో చెప్పమని అడగండి. మూడు నెలల లోపుది అయితే సరే, ఆరు నెలలుగా షెల్ఫ్ మీద కూర్చున్నదైతే "అన్నా, లోపల దీనికంటే కొత్తది ఉంటే తీయవా" అని అడగాల్సిందే. ఛార్జింగ్ లేకుండా పడున్న బ్యాటరీ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, దాన్ని మళ్ళీ ఛార్జ్ చేసి అమ్మినా పోయిన కెపాసిటీ పూర్తిగా తిరిగి రాదు. తర్వాత మీ సొంత మల్టీమీటర్ తీసి టెర్మినళ్ళ మీద పెట్టండి. 12.6 పైన చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. కొత్తది అని చెప్పి 12.3 చూపిస్తే దాన్ని వదిలేయండి.

ఆ తర్వాత లోడ్ టెస్టర్ పెట్టించండి. సీసీఏలో సగం కరెంటు, అంటే 650 ఉంటే 325 ఆంపియర్లు, 15 సెకన్లు గుంజాలి. షాపతను బిగించి బటన్ నొక్కగానే టెస్టర్ నుంచి వేడి గాలి కొడుతుంది, ముల్లు గబుక్కున కిందికి దిగి ఒకచోట నిలబడుతుంది. నిలబడటమే ముఖ్యం. 10.5 దగ్గర కదలకుండా ఆగితే మంచి బ్యాటరీ, జారుతూ జారుతూ 9.6 కంటే కిందికి పోతే ఎంత కొత్తదైనా తీసుకోకండి. చేతిలో పట్టుకునే చిన్న డిజిటల్ టెస్టర్ ఒక్కటే ఉందంటే అదీ కొంత పనికొస్తుంది కానీ, నిజంగా కరెంటు గుంజి చూసే టెస్టుకి అది సాటి రాదు.

వారంటీ కార్డు చదవండి, ముఖ్యంగా మొత్తం 48 నెలలు అని రాసి ఉంటే అందులో ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు, మిగతా నెలల్లో డిస్కౌంట్ ఇచ్చి కొత్తది అంటగట్టేది ఎన్ని నెలలు అన్నది విడిగా చూడాలి. పసుపు బోర్డు బండికి వారంటీ తక్కువ ఉండొచ్చు, అడగండి. సీలు, తేదీ, బండి నంబరు రాయించుకోకుండా షాపు దాటొద్దు. ఎక్సైడ్, అమరాన్, టాటా గ్రీన్ లాంటి వాటిలో ఏది కొనాలి అని నన్ను అడిగితే, మీరు ఎక్కువ తిరిగే దారిలో ఉన్న మండల కేంద్రంలో ఎవరి డీలర్ ఉన్నాడో వాళ్ళది కొనండి అంటాను. పాత బ్యాటరీని అక్కడే ఇచ్చేస్తే బిల్లులో తగ్గిస్తారు, పాత సామాన్ల వాళ్ళకి అమ్మకండి, వాళ్ళు పగలగొట్టి సీసం తీసుకుని యాసిడ్‌ని మన కాలవల్లోనే పారబోస్తారు.

మంచి బ్యాటరీ కొని సన్నటి కేబుల్ వేస్తే డబ్బులు బూడిదలో పోసినట్టే. వించ్ కేబుల్ కనీసం 35 చదరపు మిల్లీమీటర్ల రాగిది, దూరం ఎక్కువైతే 50. కేబుల్ చివర ఉండే లగ్గు హైడ్రాలిక్ క్రింపింగ్ మిషన్‌తో నొక్కించాలి, సుత్తితో కొట్టి టంకం పోసింది నమ్మొద్దు, వించ్ వేడికి ఆ టంకమే కరుగుతుంది. ఎర్తు కూడా ఛాసిస్‌కి తగిలించి వదిలేయకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే తీసుకురావాలి, అయితే నెగటివ్ టెర్మినల్ మీద సెన్సార్ ఉన్న కొత్త బండి అయితే దాన్ని దాటవేయకుండా ఎక్కడ కలపాలో మాన్యువల్ చూసి చేయించండి. మధ్యలో చేతికి అందే చోట కరెంటు పూర్తిగా కట్ చేసే ఐసోలేటర్ స్విచ్ ఉండాలి, వించ్ వాడనప్పుడు ఆఫ్. ఆ కేబుల్ ఎక్కడైనా బంపర్ అంచుకి రాసుకుని తొక్క ఊడితే బండి అంటుకునేంత ప్రమాదం ఉంది. బ్యాటరీ క్లాంపు గట్టిగా ఉందా అని చేత్తో ఊపి చూడండి, వేలెడు కదిలినా చాలు, కంకర బాటల కుదుపుకి లోపలి ప్లేట్ల పేస్టు రాలిపోయి అడుగున చేరి సెల్ షార్ట్ అవుతుంది.

రెండో బ్యాటరీ కావాలా? ఎప్పుడో ఒకసారి వించ్ వాడేవాళ్ళకి అక్కర్లేదు, ఒక మంచి పెద్దది, దాంతోపాటు డ్యాష్‌బోర్డులో ఒక జంప్ స్టార్టర్ చాలు. తరచూ అడవి దారుల్లో ఒక్క బండితోనే తిరిగేవాళ్ళు పెట్టుకోవాలి. వోల్టేజి 13.3 దగ్గరకి వచ్చాక రెండిటినీ కలిపి, 12.8 కి పడితే విడదీసే రిలే దొరుకుతుంది, దాంతో రాత్రి లైట్లు, ఫ్రిజ్ వాడినా స్టార్టింగ్ బ్యాటరీ భద్రం. రెండూ ఒకే రకం, ఒకే సైజు, ఒకేసారి కొన్నవి ఉండాలి, పాతదాని పక్కన కొత్తది కలిపితే పాతది కొత్తదాన్ని కూడా కిందికి లాగుతుంది.

వాడేటప్పుడు ఇంజన్‌ని 1,200 నుంచి 1,500 ఆర్‌పీఎం దగ్గర పెట్టండి, ఏసీ, లైట్లు, పాటలు ఆపేయండి. తాడు బయటికి తీసేటప్పుడు మోటార్‌తో కాకుండా క్లచ్ వదిలి చేత్తో లాగండి. అరనిమిషం, ముప్పావు నిమిషం లాగి ఆపండి, ఆ ఆగిన సమయంలో బ్యాటరీ తేరుకుంటుంది, మోటారూ చల్లబడుతుంది. వోల్ట్ మీటర్ ఒకటి కళ్ళ ముందు ఉండాలి, లోడు పడగానే 14 నుంచి 12 కిందికి రావడం మామూలే, 10.5 కి దిగి వించ్ శబ్దం మూలిగినట్టు మందగిస్తే వెంటనే ఆపండి. వోల్టేజి తగ్గేకొద్దీ అదే పనికి మోటార్ ఎక్కువ సేపు పెద్ద కరెంటు మోస్తూ వేడెక్కుతుంది, మోటార్‌కి కరెంటు వదిలే స్విచ్ అయిన సొలినాయిడ్‌లోని కాంటాక్టులు అతుక్కుపోయే ప్రమాదం కూడా ఉంది, అప్పుడు బటన్ వదిలినా వించ్ ఆగదు, ఐసోలేటర్ చేతికి అందాలని చెప్పింది అందుకే. గట్టిగా లాగిన వెంటనే టెర్మినల్ విప్పడం, దగ్గర్లో సిగరెట్ వెలిగించడం అసలు వద్దు, బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తూ ఉంటుంది.

బయటపడ్డాక ఇంజన్ వెంటనే ఆపేయకండి, కనీసం గంట నడపండి. ఇంటికొచ్చాక రాత్రంతా వదిలేసి పొద్దున స్టార్ట్ చేయకముందే మీటర్ పెట్టండి, 12.4 కంటే తక్కువ ఉంటే ఛార్జర్ తగిలించండి, అలాగే వదిలేస్తే ఆ వారంలోనే సల్ఫేట్ మొదలవుతుంది. మూతల బ్యాటరీ అయితే ఎండాకాలంలో నెలకోసారి నీళ్ళ మట్టం చూడండి, పోసేది డిస్టిల్డ్ వాటరే, బోరు నీళ్ళు గానీ ఫిల్టర్ నీళ్ళు గానీ వద్దు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూత వస్తే వంట సోడా నీళ్ళతో కడిగి, ఆరాక బిగించి, పైన వాజలీన్ రాయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర.

మన ఎండల్లో వించ్ మోసిన బ్యాటరీకి మూడేళ్ళు దాటాయంటే, ఊళ్ళో తిరగడానికి ఎంత బాగా పనిచేస్తున్నా, జూన్‌లో మొదటి వానకి ముందే లోడ్ టెస్ట్ చేయించండి. 15 సెకన్లలో 9.6 కిందికి పోయిందా, ఆ సీజన్‌కి దాన్ని నమ్ముకోకుండా కొత్తది వేయించుకోండి.